బల్లకు దూరం

కోరుట్ల,
3 జూన్ 2024.

సామేలుకు,

నాలుగుసార్లు ఫోన్ చేశావు. కావాలనే ఎత్తలేదు. నీ మాట తీరు మీ అక్క మాట తీరే. నువ్వు "ఆఁ బావా" అని మొదలుపెడితే ఆ తర్వాత నాకు ఏమీ వినబడదు. కొన్నాళ్ళు ఉత్తరాలు రాసుకుందాం.

ఆరోగ్యం బాగానే ఉంది. రేషన్ కార్డులోంచి ఆమె పేరు తీయించమని డీలరు రెండుసార్లు చెప్పాడు. ఇంకా తీయించలేదు.

ఒక విషయం అడగడానికి రాస్తున్నాను. నువ్వు ఆమె తమ్ముడివి. సిరిసిల్లలో ఒక సంఘానికి అయ్యగారివి, పాస్టరువి కూడా. అయ్యగారిగా జవాబు చెప్పు.

నీకు తెలిసినవే అయినా వరుసగా రాస్తాను. ముప్పై ఏళ్ళు జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పిన అలవాటు.

డిసెంబరులో ఇక్కడి బీడీ కార్ఖానా ఒకటి రెండు వందల మంది ఆడవాళ్ళ పేర్లు రిజిస్టర్‌లోంచి కొట్టేసింది. పేరు లేకపోతే కార్డు లేదు. కార్డు లేకపోతే బీడీ కార్మికుల దవాఖానాలో వైద్యం లేదు. మీ అక్క సుమలత పెళ్ళికి ముందు పదేళ్ళు బీడీలు చుట్టింది. మా గుడిలో స్త్రీల సమాజం నడిపింది. పేర్లు పోయినవాళ్ళలో చాలామంది ఆ సమాజం వాళ్ళే. జనవరి 2 నుంచి 12 దాకా తహసీలు ఆఫీసు ముందు టెంటులో వాళ్ళతో కూర్చుంది. ఏడో తేదీ ఆదివారం, ప్రభువు బల్ల ఉన్న రోజు, గుడికి రాలేదు. టెంటులోనే మైకు పట్టుకుని ప్రార్థన చేసింది. ఆమె తర్వాత, ఆమెతో కలిసి బీడీలు చుట్టిన షరీఫా దువా చేసింది. పన్నెండో తేదీన ఆఫీసరు కార్ఖానా వాళ్ళను పిలిపించి పేర్లన్నీ తిరిగి రాయించాడు.

రాజకీయ వేదికల మీద ప్రార్థన చేయరాదని మా సంఘానికి ఒక నియమం ఉంది. ఆ నియమం కింద ఆమెను మూడు నెలలు బల్లకు దూరం చేస్తూ కమిటీ తీర్మానించింది. రొట్టె, ద్రాక్షరసం ముట్టకూడదు. ఫిబ్రవరి 4న గుడిలో అందరి ముందు తీర్మానం చదివారు. మే 5తో గడువు తీరేది. ఏప్రిల్ 19న ఆమె ఆయాసం ముదిరి జగిత్యాల ఆసుపత్రిలో పోయింది. పదహారు రోజులు తక్కువ.

నా ప్రశ్న ఇది. బల్లకు దూరంగా ఉండగా చనిపోయిన మనిషిని సంఘం తిరిగి చేర్చుకోవచ్చా? దానికి ఏమైనా పద్ధతి ఉందా? అందరి ముందు ఆపారు. అందరి ముందే చేర్చాలి. అది జరిగేదాకా ఆమెకు జ్ఞాపకార్థ కూటం పెట్టనివ్వను.

దేవదాస్.


సిరిసిల్ల,
14 జూన్ 2024.

బావగారికి,

మీ మనసుకు సమాధానం కలగాలని రోజూ ప్రార్థన చేస్తున్నాను. మీ ఉత్తరం నాలుగు రోజులు ఆలస్యంగా చేతికొచ్చింది. మా వీధి మగ్గాల చప్పుడులో పోస్ట్‌మ్యాన్ పిలుపు వినబడక పక్కింట్లో ఇచ్చి పోయాడట. చేత్తో రాసిన ఉత్తరం చూసి ఎన్నేళ్ళయిందో.

మీరు అయ్యగారిగా చెప్పమన్నారు కాబట్టి అలాగే చెబుతున్నాను. అలాంటి పద్ధతి లేదు. సంఘం వేసిన శిక్ష మనిషి బతికున్నంతవరకే. చావుతో అది దానంతట అదే తీరిపోతుంది. అక్క ఇప్పుడు ఏ కమిటీ కిందా లేదు. దేవుడు చేర్చుకున్న మనిషిని మళ్ళీ మనం చేర్చుకునేదేముంది? ఆ తీర్మానం ఆ పుస్తకంలోనే ఉండనివ్వండి. తిరగేసిన కొద్దీ మీకే కష్టం.

కమిటీని కూడా పూర్తిగా తప్పు పట్టలేం బావా. ఏడుగురు పెద్దలు, నియమం ఉంది, దాని ప్రకారం నడిచారు. నేనైతే ఆ నియమం వాడేవాణ్ణి కాదు. కానీ అది వాళ్ళ సంఘం.

నేను ఆసుపత్రికి రెండుసార్లు వచ్చాను కదా. రెండోసారి మీరు స్కానింగ్ కాగితాల కోసం కిందికి వెళ్ళినప్పుడు అక్క దగ్గర అరగంట కూర్చున్నాను. ఆయాసంలో ఉంది. పెద్దగా ఏమీ మాట్లాడుకోలేదు. కానీ ఆమె ముఖంలో భయం లేదు. అది మీకు చెప్పాలనిపించింది.

బీపీ మాత్రలు మానకండి. మా ఇంటామె చింతకాయ తొక్కు పంపుతోంది. అక్క చేసినట్టు కారంగా ఉండదని ముందే చెప్పమంది.

సామేలు.


కోరుట్ల,
2 జూలై 2024.

సామేలుకు,

తొక్కు అందింది. మీ ఇంటామెకు చెప్పు.

నీ జవాబు నాకు సరిపోలేదు. పద్ధతి లేదన్నావు. బల్లకు దూరం చేసే పద్ధతి ఎక్కడినుంచి వచ్చిందో నీకు సెమినరీలో చెప్పే ఉంటారు. నేను మళ్ళీ చదివాను.

పదహారు వందల ఏళ్ళ కిందటి మాట. రోమా చక్రవర్తి థియొడోసియస్ కోపం వచ్చి ఒక పట్టణం మీదికి సైన్యాన్ని పంపాడు. ఏడు వేల మంది చచ్చారని రాస్తారు. మిలాను బిషపు ఆంబ్రోస్ అతనికి రొట్టె ఇవ్వనన్నాడు. పశ్చాత్తాపపడితే తప్ప బల్ల దగ్గరికి రావద్దన్నాడు. చక్రవర్తి రాజవస్త్రాలు విప్పి, నెలల తరబడి జనం మధ్య నిలబడి ఏడ్చాడు. క్రిస్మసుకు చేర్చుకున్నారు. సంఘానికీ సర్కారుకూ మధ్య ఉండాల్సిందేమిటని ఎవరు రాసినా ఈ సంగతితోనే మొదలుపెడతారు. జనాన్ని చంపిన రాజుకు అడ్డంగా బిషపు బల్లను పెట్టాడు. మా కమిటీ అదే బల్లను, జనం దవాఖానా కోసం టెంటులో కూర్చున్న మనిషికి అడ్డంగా పెట్టింది.

కార్ఖానా పేర్లు తిరిగి రాసింది. మేం రాయలేదు.

మొదటి ఉత్తరంలో "చదివారు" అని రాశాను. చదివింది నేను. నేను కార్యదర్శిని. తీర్మానం రాయడం, చదవడం కార్యదర్శి పని. ఆమె మూడో వరసలో ఉంది. "సుమలత, భర్త పేరు దేవదాస్" అని చదివాను. నియమం ప్రకారం అలాగే చదవాలి. రొట్టె పంచే సమయానికి, ఆపినవాళ్ళు తలుపు దగ్గర చాప మీదికి వెళ్ళి కూర్చోవాలి. ఆమె కొంగు సర్దుకుని వెళ్ళి కూర్చుంది. అప్పటికి ఆరేళ్ళుగా ఆ చాప మీద ఎవరూ కూర్చోలేదు. దుమ్ము ఉంది. దులిపి కూర్చుంది.

ఆ రోజు ఇంటికొచ్చాక నాతో ఒక్క మాటే అంది. "మంచిగ చదివినవ్. ఎనుక కూసున్నోళ్ళకు గూడ ఇనబడ్డది." ఎగతాళిగా అందో మామూలుగా అందో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

ఈస్టరు నాడు కూడా చాప మీదే. కూర్చోలేక గోడకు ఒరిగింది. ఏప్రిల్ నెల బల్లకు రాలేకపోయింది.

మొన్న బస్టాండు దగ్గర షరీఫా కలిసింది. ఇంటి సంగతులు అడిగింది. నేను బయలుదేరబోతుంటే ఆపింది.

"సార్, నాకు తెల్వక అడుగుత. మీ బల్ల మీదికెల్లి సుమక్కను లేపింది ఎవరు? మా మజీదుల గిట్లుండది. ఎవరన్న నమాజుకస్తే లేవుమనం."

కమిటీ అన్నాను.

"కమిటీ అంటె మనుషులే గద సార్."

బస్సు వచ్చింది. ఎక్కేశాను. అది నా బస్సు కాదు. మెట్‌పల్లిలో దిగి తిరిగొచ్చాను.

దేవదాస్.


సిరిసిల్ల,
20 జూలై 2024.

బావగారికి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చదివింది మీరేనని నాకు అక్క అప్పుడే చెప్పింది. మీరు చెప్పేదాకా నేను ఎత్తకూడదనుకున్నాను.

మీ బిషపు గురించి ఒక మాట. ఆయన చక్రవర్తిని గుడి వాకిట్లో అడ్డుకున్నాడని బొమ్మలు గీశారు గానీ, నిజానికి ఊరు విడిచి వెళ్ళి రహస్యంగా ఉత్తరం రాశాడు. ఎవరికీ చూపించవద్దన్నాడు. రాజును పరువు తీయకుండా దిద్దాడు. కొన్ని సంగతులు చాటున జరగడమే మంచిది బావా. ఇది మీతో వాదించడానికి రాయడం లేదు. నేను పాస్టరుగా ఇరవై ఏళ్ళలో నేర్చుకున్నది అదే.

అయినా మీరు అడిగారని మొన్న మల్యాల వెళ్ళి అమ్మను అడిగాను. మన సంఘం మొదట్లో ఎలా ఉండేదని. అమ్మకు ఎనభై మూడేళ్ళు వచ్చాయి, ఉదయం తిన్నదేమిటో గుర్తుండదు, వాళ్ళ నాయన బుచ్చన్న చెప్పిన మాటలు మాత్రం పొల్లు పోకుండా చెబుతుంది.

నిజాం కాలంలో మనవాళ్ళు ఇరవై రెండు ఇళ్ళ వాళ్ళు బాప్తిస్మం తీసుకున్నారు. ఆదివారం వెట్టికి రామని పటేలుకు చెప్పారు. పటేలు బావి దగ్గరికి రానివ్వలేదు. అప్పుడు ఊళ్ళో వాక్యం చెప్పే ఉపదేశి వాళ్ళందరినీ వెంటబెట్టుకుని జగిత్యాల తహసీలు కచేరికి నడిచి వెళ్ళాడు. మూడు రోజులు మెట్ల ముందు కూర్చున్నారు. మూడో రోజు ఆదివారం. దొరగారు, అంటే తెల్ల పాస్టరు, గుర్రబ్బండి మీద వచ్చి, అంతా జగిత్యాల గుడికి వస్తేనే బల్ల ఇస్తానన్నాడట. బుచ్చన్న తాత లేచి, మేం లేస్తే తహసీల్దారు లోపలికి పోతడు, మళ్ళ దొరకడు, అన్నాడట. దొర బండి దిగాడు.

అమ్మ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. "జొన్నరొట్టె, బెల్లం నీళ్ళు. గవ్వే ఉన్నయ్. గచ్చేరి మెట్ల మీద బల్లయింది కొడుకా. మనకు గుడి గట్టకముందే గచ్చేరి ముందట బల్లయింది. తహసీల్దారు సాబ్ తలుపుల నిలవడి చూసిండట. గా ఎండాకాలమే బావిల నీళ్ళు చేదనిచ్చిండ్రు."

ఇంకేదో అడిగింది, చెప్పాను. తర్వాత పడుకుంది.

ఈ కథ మీకు పనికొస్తుందనే భయంతోనే రాస్తున్నాను. మీరు దీన్ని కమిటీలో పెడితే, మీ ఏడుగురిలో ఒకడైన అంజయ్య పెద్దమనిషి ఊరుకోడు. ఆయన బతుకుతెరువు ఆ కార్ఖానాకు బీడీలు చుట్టించి ఇచ్చే టేకేదారీ. తన కింద బీడీలు చుట్టే ఆడవాళ్ళను ఆపలేకపోయాడని కార్ఖానా వాళ్ళు ఆయన మీద కోపంగా ఉన్నారని విన్నాను. మీరు ఒంటరిగా ఉన్నారు. ఈ వయసులో సంఘం కూడా దూరమైతే ఎట్లా? తీర్మానం మీ ఒక్కరి చేతిలో లేదు కదా. చివరి రోజుల్లో అక్కకు మీ మీద కోపం లేదు. ఆ మాట నమ్మండి, మిగతాది వదిలేయండి.

సామేలు.


కోరుట్ల,
12 ఆగస్టు 2024.

సామేలుకు,

నిన్న కమిటీ కూర్చుంది. అజెండాలో చేర్చలేదు. చివర్లో నేనే లేచి అడిగాను.

ముందు నియమం సంగతి చెప్పాను. పాత పుస్తకాలు చూశాను. ఆ నియమం మొదటినుంచీ ఉన్నది కాదు. 1979లో రాసింది. అప్పుడు జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలు కల్లోలిత ప్రాంతాలు. ఊళ్ళలో పోలీసు క్యాంపులు. కూలీ రేటు అడిగిన ప్రతివాణ్ణీ జీపెక్కించే రోజులు. మా సంఘం కుర్రాళ్ళు ఇద్దర్ని తీసుకుపోయారు. ఆ వారమే ఈ నియమం రాశారు. నేనప్పుడు డిగ్రీ చదువుతున్నాను. రాసినవాళ్ళ ముఖాలు నాకు గుర్తు. వాళ్ళు వేదాంతం చూసి రాయలేదు. భయపడి రాశారు. వాళ్ళను తప్పు పట్టను. కానీ ఆ క్యాంపులు పోయి ముప్పై ఏళ్ళు దాటింది, నియమం పోలేదు.

తర్వాత కచేరి మెట్ల సంగతి చెప్పాను. మా అయ్యగారు చిన్నవాడు, వచ్చి ఏడాది కాలేదు. ఆసక్తిగా విన్నాడు. ఓటు ఆయనకు లేదు.

అంజయ్య అంతా విన్నాడు. "గప్పటి దినాలు వేరు సార్. సంఘం వేరు, సర్కారు వేరు. అయినా చచ్చిపోయినోళ్ళకు బల్లెందుకు? ఆమె కోసమా, మీకు మంచిగనిపిస్తదని అడుగుతున్నరా?"

మంచి ప్రశ్నే.

అప్పుడు ఆయన నవ్వుతూ అన్నాడు. "మమ్ములను తిడుతున్నరు గని సార్, గా నాడు ముగ్గురం ఇటు, ముగ్గురు అటు. ఏడో చెయ్యి ఎవరిది?"

ఎవరూ నవ్వలేదు. వాయిదా వేశారు.

సామేలు, ఏడో చెయ్యి నాది. మొదటి ఉత్తరంలో కమిటీ అని రాశాను. రెండో ఉత్తరంలో రాసింది, చదివింది నేనని ఒప్పుకున్నాను. ఇది మూడోది. ఇంకేమీ మిగల్లేదు.

ఎందుకు ఎత్తానో చాలాసార్లు నాకు నేనే చెప్పుకున్నాను. ఎత్తకపోతే, పెళ్ళాం కాబట్టి వదిలేశాడంటారు. నేను పక్షపాతం లేనివాణ్ణని ఊరంతా అనుకుంటుంది. పరీక్ష పేపర్లలో నా బంధువుల పిల్లలకు ఒక మార్కు తక్కువే వేసేవాణ్ణి. మూడు నెలలే కదా అనుకున్నాను. ఇవన్నీ నిజాలే. ఇంకొకటి కూడా నిజం. ఆ పదకొండు రోజులు పేపర్లో ఆమె ఫోటో వచ్చింది. కాలేజీలో పాత సహోద్యోగులు "మీ మేడం లీడరయ్యారు" అన్నారు. నాకు నచ్చలేదు. చెయ్యి ఎత్తినప్పుడు అది కూడా నా చేతిలో ఉంది.

ఆమెకు చెప్పలేదు. ఏడుగురం కలిసి అన్నాను. పదకొండు వారాలు నాకు వండిపెట్టింది, చివరి పది రోజులు తప్ప. నన్ను అడగలేదు.

ఆమెకు నా మీద కోపం లేదని నీకెలా తెలుసు? ఆసుపత్రిలో పెద్దగా మాట్లాడుకోలేదన్నావు. ఆ అరగంటలో ఏం జరిగింది? పూర్తిగా రాయి. నన్ను కాపాడకు.

దేవదాస్.


సిరిసిల్ల,
22 ఆగస్టు 2024.

బావా,

వారం రోజులు ఈ ఉత్తరం రాయకుండా తప్పించుకున్నాను. మా సంఘంలో ఒక పెళ్ళి, ఒక చావు వచ్చాయి. రెండింటినీ సాకు చేసుకున్నాను.

ఏప్రిల్ 16న నేను ఖాళీ చేతులతో రాలేదు. మా గుడి నుంచి రొట్టె ముక్క, ఒక చిన్న సీసాలో ద్రాక్షరసం తెచ్చాను. మీ సంఘం ఆపిన మనిషికి నేను ఇవ్వకూడదు. తెలిస్తే నా పని పోయేది. అయినా తెచ్చాను. మీరు స్కానింగ్ కాగితాలకు వెళ్ళగానే వార్డు తెర లాగాను. బ్యాగులోంచి రొట్టె తీశాను. అక్క చూసింది. మంచం పట్టుకుని లేచి కూర్చోబోయింది. తీసుకుంటుందనుకున్నాను.

"తెర ఎందుకేసినవ్ రా?" అంది.

ఎవరన్నా చూస్తారన్నాను.

"నన్ను సంఘం ముందట ఆపిండ్రు. ఇస్తే సంఘం ముందట ఇయ్యాలె. తెర ఎనుక తిననీకి నేను దొంగతనం చేసిన్నా?"

నేను బతిమాలాను. ఆపరేషన్ మాట తేలలేదు, ఆయాసం పెరుగుతోంది, ఇంకో అవకాశం రాకపోవచ్చు అని నోటిదాకా వచ్చింది. ఆమెకు తెలిసే ఉంది. రొట్టెను నా చేతిలోనే మూసి, నా వేళ్ళు నిమిరింది. చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే అలాగే చేసేది. తర్వాత నవ్వి, "నువ్వు తిను. పొద్దుగాల్నుంచి ఏం దినలేదని నీ మొఖం చెప్తంది" అంది. నేను తినలేకపోయాను. బస్సులో జేబులో పెట్టుకునే సిరిసిల్ల వచ్చాను.

మీ సంగతి అప్పుడే అడిగాను. బావ ఎందుకు అడ్డుకోలేదక్కా అని. ఆమె కిటికీ వైపు చూసింది.

"అడ్డుకునుడా? గాయనే చెయ్యెత్తిండు. బాలమ్మ చెప్పింది. నేనెరుగనని గాయన అనుకుంటండు. నువ్వు చెప్పకు. గాయన ఎత్తిన చెయ్యి గాయనే దించుకోవాలె. నేను అడిగితె నాకోసం దించుతడు. గది నాకద్దు."

బాలమ్మ అంజయ్య భార్య అని మీకు చెప్పనక్కర్లేదు.

కోపం ఉందో లేదో నాకు నిజంగా తెలియదు బావా. కోపం లేదని నేను రాసింది పాస్టరు మాట. ఇలాంటప్పుడు మాకు అలవాటైన మాట. ఆమె మీకోసం ఎదురుచూసింది. అంతవరకు తెలుసు. మీరు మెట్లెక్కి వస్తున్న చప్పుడు విని, తెర తీయమని నాకు సైగ చేసింది.

ఇంకొక అబద్ధం ఉంది. మొన్న మల్యాలలో అమ్మ చివర్లో ఏదో అడిగిందని రాశాను. "సుమలత ఆఖరికి బల్ల తీసుకున్నదా?" అని అడిగింది. తీసుకుందమ్మా అన్నాను. బిడ్డను ఆపిన సంగతే ఆమెకు తెలియదు. కచేరి మెట్ల కథ చెప్పి కళ్ళు తుడుచుకుంటున్న మనిషికి ఏం చెప్పను?

చాటున చేసేది మంచిదని మీకు రాశాను. చాటుగా చేద్దామనుకున్నదీ, చాటుగా చెప్పిందీ రెండూ నా దగ్గరే ఉన్నాయి. ఒక్కటీ మంచి కాలేదు.

సామేలు.


కోరుట్ల,
2 సెప్టెంబరు 2024.

సామేలుకు,

శనివారం మల్యాల వెళ్ళాను. అత్తమ్మకు చెప్పాను. నీ అబద్ధం సంగతి కూడా చెప్పక తప్పలేదు.

"గచ్చేరి ముందట కూసున్నందుకా? గదే మా నాయన చేసింది." చెంబుతో నీళ్ళు నా ముందు పెట్టి అడిగింది. "ఆమెను ఆపంగ నువ్వు గాడ లేవా అల్లుడా?"

"ఉన్న అత్తమ్మ."

నీళ్ళు తాగి పొమ్మంది. తాగి వచ్చాను.

నిన్న మొదటి ఆదివారం. శనివారం నుంచీ విడవకుండా వాన. అయినా గుడి నిండింది. రొట్టె మీది గుడ్డ తీసేముందు అయ్యగారు అడిగే మాట నీకు తెలుసు. మీరందరూ అడుగుతారు. ఒకరితో ఒకరికి తగవు ఉన్నవాళ్ళు ముందు సమాధానపడి రండి అని. నలభై ఏళ్ళలో ఎవరూ జవాబు చెప్పగా నేను వినలేదు. రెండు క్షణాలు ఆగి గుడ్డ తీస్తారు.

నేను లేచాను. ఫిబ్రవరిలో తీర్మానం చదివిన చోటికే వెళ్ళి నిలబడ్డాను. కాగితం రాసుకోలేదు. చెప్పింది ఇంతే. ముగ్గురు ఇటు, ముగ్గురు అటు ఉంటే నా చేతితో నా భార్యను ఆపాను. ఆమె చేసిన తప్పు లేదు. మన తాతలు అదే చేస్తే దొర బండి దిగి వాళ్ళకు బల్ల ఇచ్చాడు. నా పేరు నిలబెట్టుకోవడానికి ఆమె పేరు చదివాను. ఆమెకు తెలుసు, నాతో అనలేదు. ఈ మాట ఆమె బతికుండగా ఇక్కడ నిలబడి చెప్పాల్సింది. నాకు ఈ రోజు రొట్టె వద్దు. మూడు నెలలు వద్దు. ఆమెను చేర్చమని అడుగుతున్నాను.

గొంతు బాగానే పలికింది. వెనుక కూర్చున్నవాళ్ళకు వినబడిందో లేదో అడగడానికి మనిషి లేదు.

అయ్యగారు తడబడ్డాడు. కమిటీ తీర్మానం కావాలన్నాడు. బల్ల అయ్యాక కూర్చుందామన్నాడు. గుడ్డ తీశాడు. ముందు ఆడవాళ్ళు రావాలి. ఎవరూ లేవలేదు. బాలమ్మ లేచింది గానీ ముందుకు రాలేదు. అంజయ్య కూర్చున్న వరస వైపు తిరిగింది.

"పదకొండు దినాలు గా టెంట్ల నేను గూడ కూసుందామనుకున్న. నువ్వు పోనియ్యలె. మల్ల నెలనెల బల్లకు నన్ను పంపినవ్. సుమలత పేరు చదివినంకనే నేనస్త."

కూర్చుంది. మిగతా ఆడవాళ్ళు కూర్చునే ఉన్నారు. ఎవరో పాట ఎత్తారు. పాట నడుస్తుండగా కమిటీని అయ్యగారు పక్క గదిలోకి పిలిచాడు. నేను ఓటు వేయనని చెప్పాను. మిగిలింది ఆరుగురు. ముగ్గురు చేర్చాలన్నారు, ఇద్దరు వద్దన్నారు. అంజయ్య రెండుసార్లూ చేతులు ఒళ్ళోనే పెట్టుకున్నాడు. తల ఎత్తలేదు. ఆయనకు రేపు కార్ఖానాలో ఏమవుతుందో నాకు తెలుసు. ఆయన మీద నాకు కోపం పోయింది.

తీర్మానం నేనే రాశాను. కార్యదర్శిగా చివరిది. రెండు వాక్యాలు. చదవడం అయ్యగారికి వదిలి, తలుపు దగ్గర చాప మీదికి వెళ్ళాను.

ఆయన చదివాడు. "సుమలతను ఈ సంఘం తిరిగి ప్రభువు బల్లకు చేర్చుకుంటున్నది." భర్త పేరు రాయలేదు, చదవలేదు.

తిరిగి చేర్చుకున్న మనిషిని పేరు పెట్టి పిలవాలి. ఆ మనిషి లేచి ముందుకు రావాలి. అప్పుడు సంఘం నిలబడుతుంది. అదీ పద్ధతి. అయ్యగారు చిన్నవాడు, ఇంతకుముందు ఎవరినీ చేర్చలేదు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చేశాడు. "సుమలతా, రమ్మా" అన్నాడు.

అని ఆగాడు.

అందరం ఆగాం.

దేవదాస్.